పసుపు రంగు పడని చోటు

సోమవారం పొద్దున పదకొండు గంటలకు డెనిస్ ఓల్డ్‌రాయిడ్ ముప్పై ఒకటో నంబరు డ్రాయింగు తెరిచింది. కంచంలో ఇష్టమైన ముక్కను చివరికి ఉంచుకున్నట్టు దాన్ని కావాలనే ఆఖరుకి అట్టిపెట్టుకుంది. ఫైల్లో పెట్టవలసిన పద్దెనిమిది డ్రాయింగుల్లో పూర్తిగా తనదనిపించేది అదొక్కటే. లార్క్‌స్పర్ కోర్టు బయటి గోడ. ఐదంతస్తులు, నలభై రెండు ఫ్లాట్లు, ఉండేవాళ్లంతా అరవై దాటినవాళ్లే. ఆ గోడ దూరం నుంచి ఎలా కనబడాలో ఆఫీసు నడిపే ఆర్కిటెక్టు హోవార్డ్ ఊహించాడు. అది ఎలా నిలబడాలో, వాన నీరు ఎటు పోవాలో, మంట అంటుకుంటే ఎక్కడ ఆగాలో ఆలోచించింది తను.

ఫైలు, చార్టర్డ్ అయిన ఒకరు సిఫారసు చేస్తూ సంతకం పెట్టిన ఫారంతో సహా, గురువారం సాయంత్రం ఐదు లోపల వృత్తి అర్హతలిచ్చే సంస్థకు చేరాలి. చేరితే నెల తర్వాత ఇద్దరు అనుభవజ్ఞులు ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు గంటలు ప్రశ్నలడుగుతారు. వాళ్లకు తృప్తి కలిగితే ఆమె చార్టర్డ్ టెక్నాలజిస్టు అవుతుంది. నలభై తొమ్మిదేళ్ల వయసులో పేరు పక్కన నాలుగు అక్షరాలు చేరతాయి. పందొమ్మిదేళ్లుగా, క్లయింట్లు వచ్చినప్పుడల్లా, హోవార్డ్ పికర్స్‌గిల్ ఆమెను "మా డ్రాయింగుల అమ్మాయి" అని పరిచయం చేస్తున్నాడు. మొదట్లో ఆమె మర్యాదకు నవ్వేది. తర్వాత ఆ నవ్వు దానంతటదే వచ్చేది. ఈ మధ్య రావడం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆమెకు గుర్తులేదు.

జూన్‌లో హోవార్డ్ ఆఫీసును లీడ్స్ కంపెనీ ఒకదానికి అప్పగించి తప్పుకుంటున్నాడు. డ్రాయింగుల మీద సంతకం చేసే అధికారం చార్టర్డ్ అయినవాళ్లకే ఇస్తామని కొత్తవాళ్లు ముందే చెప్పారు. మిగతావాళ్లు ఇతరులు చెప్పింది గీస్తూ ఉండొచ్చు. డెనిస్ ఇరవై మూడేళ్లప్పుడు చేసిన పని అది.

"అంత భక్తిగా చూస్తున్నావేంటే? చర్చిలో కూడా నిన్నిలా చూళ్లేదు," అంది ఎదుటి బల్ల నుంచి నెరిస్. పదకొండేళ్లుగా ఇద్దరూ ఒకే కిటికీ వెలుతురులో పనిచేస్తున్నారు.

"ఇది నా గోడే బాబూ."

"నీ గోడే. నీ సమాధి మీద కూడా అదే చెక్కిద్దాం. 'ఇక్కడ డెనిస్ పడుకుని ఉంది, ఒంటికి తడి తగలకుండా' అని."

డెనిస్ దగ్గరున్న కాపీ రివిజన్ సి, అంటే మూడోసారి దిద్దిన రూపం. కట్టేవాళ్లకు ఆఖరున పంపిన రూపం కావాలి గనక పాత ఫైళ్లలోంచి డి తీసింది. తెర మీద రెండూ పక్కపక్కన పెట్టింది.

బయటినుంచి చూసేవాళ్లకు అది ఒక గోడ. నిజానికి అది పొరలు. లోపలి గోడ, దానికి కప్పిన ఉన్ని, బయట పలకలు. పలకలకూ ఉన్నికీ మధ్య చెయ్యి దూరేంత ఖాళీ ఉంటుంది. గోడ తడి ఆరడానికి అది కావాలి. కాని మంట దూరిందంటే అదే పొగగొట్టం అవుతుంది. అందుకని ప్రతి అంతస్తు దగ్గరా, ప్రతి కిటికీ చుట్టూ ఆ ఖాళీని రాతి ఉన్ని కట్టలతో మూస్తారు. ఆఫీసులో వాటిని బ్యారియర్లంటారు. సి లో కిటికీ పైన బ్యారియర్ ఉంది. డి లో కిటికీని నలభై మిల్లీమీటర్లు బయటికి జరిపారు. దాంతోపాటు కిటికీ మీది లింటెల్ దూలం జరిగింది. నీటిని మళ్లించే రేకు జరిగింది. బ్యారియర్ మాత్రం జరగలేదు. కిటికీ పైన అది అసలు లేదు.

ఆమె కళ్లు కుడివైపు అడుగున ఉన్న గడుల మీదికి వెళ్లాయి. గీసినవారు: పి.ఎం. రెండేళ్లు పనిచేసి న్యూజిలాండ్ వెళ్లిపోయినావిడ. చెక్ చేసినవారు: డి.ఓ. పంపిన తేదీ: 2015 మార్చి 12.

డెనిస్ పాత డైరీల పెట్టె కిందికి దించింది. మార్చి 12, 13 తేదీల ఎదుట 'యార్క్, మెట్ల నిబంధనల శిక్షణ' అని తన చేతిరాతే ఉంది.

ఆ రెండు తేదీల మీదా వేలు పోనిచ్చింది. తనకు కలిగింది భయం కాదు, ఉపశమనమని గుర్తుపట్టడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

"నెరిస్, నేను ఊళ్లో లేని రోజు నా పేరుతో ఒకటి వెళ్లిపోయింది."

నెరిస్ లేచి వచ్చి వంగి చూసింది. "ఆ గడిలో అక్షరాలు ఎవరు మారుస్తారే? పాత షీటు కాపీ చేస్తే పాత పేర్లే వచ్చేస్తాయి. నేను కడుపుతో ఇంట్లో ఉన్న ఆర్నెల్లూ నా పేరు మీద ఒక స్కూలు, రెండు క్లినిక్కులు లేచాయి. పాపకంటే అవే ముందు పుట్టాయి."

డెనిస్ నవ్వలేదు. నెరిస్ ఇంకోసారి డ్రాయింగు చూసింది. ఈసారి కిటికీ పైభాగం చూసి, నవ్వు ఆపేసి తన కుర్చీలోకి వెళ్లింది.

*

మంగళవారం ఫోటోల కోసం లార్క్‌స్పర్ కోర్టుకు వెళ్లింది. కట్టడం ముందు నిలబడి తీస్తే చాలు. కాని బస్సులో హెస్సిల్ రోడ్డు పొడవునా ఆమె ఒక ప్రసంగం తయారుచేసుకుంటూ వచ్చింది. 'నా పేరు ఎవరు పెట్టారు, హోవార్డ్?' అన్నది మొదటి వాక్యం. తర్వాతివి ఒక్కో స్టాపుకి ఒక్కొక్కటి చేరాయి. చల్లటి వాక్యాలు. వాటిలో ఆమె గొంతు వణకదు. పందొమ్మిదేళ్లుగా అనని మాటలన్నీ ఆ ఒక్క గడి చుట్టూ కుదురుకుంటున్నాయి. దిగవలసిన చోటు దాటిపోయి వెనక్కి నడిచింది.

చల్లటి ఎండ. పలకలు తడిసిన ఇసుక రంగులో ఉన్నాయి. ఆమె కెమెరా ఎత్తేసరికి రెండో అంతస్తు కిటికీలోంచి ఒక ముసలాయన అరిచాడు.

"ఏమ్మాయ్, కౌన్సిల్‌వాళ్లా? చెత్తబుట్టల గురించయితే నేను కాదు, కింద బెరిల్!"

"కౌన్సిల్ కాదండీ. ఈ భవనం డ్రాయింగులు గీసింది నేను."

"నువ్వా? అయితే పైకి రా. నీతో పనుంది."

ఆయన పేరు విల్ఫ్ బ్రాక్లెస్‌బీ. ఎనభై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లు ట్రాలర్లనే చేపల ఓడల మీద వంటవాడిగా ఐస్‌లాండ్ సముద్రం తిరిగాడు. గది ఓడ వంటగదిలా ఉంది. ప్రతి వస్తువుకూ ఒక కొక్కెం, ఏదీ కదలదు. ఆమె అడక్కుండానే టీలో పాలు పోశాడు.

"ఈ కిటికీ చూడు. అరచెయ్యి పట్టేంత తెరుచుకుని ఆగిపోద్ది. ఏం, దూకేస్తాననా? ముప్పై ఏళ్లు ఆ నీళ్ల మీదున్నప్పుడు దూకనోణ్ణి, ఇప్పుడు చెత్తబుట్టల మీదికి దూకుతానా?"

"నిబంధన, విల్ఫ్ గారూ."

"నిబంధన రాసినోడికి చేప వేయించడం తెలుసా? నిన్న దుంప పాటీ వేయిస్తే పొగంతా ఇక్కడే. అలారం మోగింది. బెరిల్ కింద నించి చీపురుతో కొడతాది. దానికి నా మీద మనసుంది, అదో బాధ."

డెనిస్ నవ్వింది. ఈసారి దానంతటదే వచ్చింది. "అలారం మోగితే మీరు కిందికి దిగుతారా?"

"ఎక్కడికి దిగేది? అదిగో చదువు."

తలుపు వెనక నీలం కాగితం. వేరే ఫ్లాటులో మంటలు లేస్తే మీరు మీ ఫ్లాటులోనే ఉండండి, తలుపులూ కిటికీలూ మూసుకోండి, ఇక్కడే మీకు భద్రత, అని పెద్ద అక్షరాల్లో ఉంది.

"మంచిదే," అన్నాడు విల్ఫ్. "నా మోకాళ్లకి అంతకన్నా చేతకాదు. గోడలు గట్టియ్యని చెప్పారు మీటింగులో. గట్టియ్యేగా?"

ఆమె కప్పు కిందపెట్టింది. కిటికీ పైన తెల్లగా రంగు వేసిన పలక ఉంది. దాని వెనక ఏముందో ప్రపంచంలో అందరికన్నా తనకే బాగా తెలిసి ఉండాలి. ఆమె అటే చూస్తూ, "చూసి చెబుతాను," అంది.

బస్సులో తిరిగి వస్తూ ప్రసంగం అందుకోబోతే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. దాని బదులు నీలం కాగితం కనబడింది. ఆమెకు విసుగొచ్చింది. తన కోపాన్ని ఎవరో మధ్యలో పాడుచేసినట్టుగా ఉంది.

*

బుధవారం మధ్యాహ్నం హోవార్డ్ తన అద్దాల గదిలో శాండ్‌విచ్ తింటున్నాడు. ఆమె రెండు ప్రింట్లు బల్ల మీద పరిచింది.

"సి పెట్టెయ్," అన్నాడు ఆయన. "చూడముచ్చటగా ఉంది. వాళ్లు నీ ఆలోచన చూస్తారు గానీ, సైటుకి ఏ రివిజన్ వెళ్లిందో చూడరు."

"డి లో కిటికీ పైన బ్యారియర్ లేదు."

ఆయన వేళ్లను ఒక్కొక్కటిగా కాగితంతో తుడుచుకున్నాడు. మెత్తటి, శుభ్రమైన వేళ్లు. "సైటువాళ్లు పెట్టే ఉంటారు. వాళ్లకి ఆ మాత్రం తెలీదా?"

"కిటికీ జరపమన్నది మీరు."

"నీడ పడుతోందని జరపమన్నా. బ్యారియర్ తీసెయ్యమన్లేదు."

"నా పేరు ఎవరు పెట్టారు, హోవార్డ్? ఆ రోజు నేను యార్క్‌లో ఉన్నాను."

బస్సులో పేర్చుకున్నవాటిలో బయటికి వచ్చింది ఈ ఒక్క వాక్యమే. అది కూడా ఆమె అనుకున్నంత చల్లగా రాలేదు. ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపులో ఆమె ఎదురుచూసిన తడబాటు లేదు. ఏదో జాలి లాంటిది ఉంది. దానికి ఆమె ఒళ్లు మండింది.

"డెనిస్, నీ మంచికే చెబుతున్నా. ఆ సంగతి తవ్వకు. సి పెట్టుకో. రేపు పొద్దున నీ ఫారం మీద సంతకం పెడతా. జూన్‌లో నేనెక్కడో చేపలు పట్టుకుంటూ ఉంటా. ఈ గది నీదవుతుంది."

"చెక్ ప్రింట్లు కిందే ఉన్నాయిగా?"

"ఉన్నాయి," అని ఆయన మిగిలిన ముక్క చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని తినలేదు.

నేలమాళిగలో హంబర్ నది వాసన వేస్తుంది. వెడల్పాటి సొరుగుల బీరువాలు నాలుగు ఉన్నాయి అక్కడ. ఈ ఆఫీసులో ప్రతి రివిజన్‌నీ బయటికి పంపే ముందు కాగితం మీద అచ్చు తీస్తారు. చెక్ చేసేవారు సరిగ్గా ఉన్న ప్రతి గీత మీదా పసుపు హైలైటర్ పోనిస్తారు. తప్పున్న చోట ఎర్రసిరా. షీటంతా పసుపయ్యాక మూలన సంతకం, తేదీ. హోవార్డ్‌కి ఆయన గురువు నేర్పిన పద్ధతి. డెనిస్‌కి హోవార్డ్ నేర్పాడు. నెరిస్‌కి డెనిస్ నేర్పింది.

డి చెక్ ప్రింటే లేకపోతే, ఎవరూ చెక్ చెయ్యలేదని రుజువు. ఉండి, వేరేవాళ్ల సంతకం ఉంటే ఇంకా మంచి రుజువు. ఆమె వేళ్లు కాగితాల అంచుల మీద చురుగ్గా నడిచాయి. చాలా రోజుల తర్వాత శరీరం తేలిగ్గా ఉంది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై.

ముప్పై ఒకటి డి పసుపుగా ఉంది.

గీతలన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. ఆఫీసులో ఎడంచేతి వాటం ఆమె ఒక్కదానిదే. మూలన డి.ఓ., మార్చి 11. యార్క్ వెళ్లడానికి ముందు రోజు. డైరీలో ఆ తేదీ ఎదుట ఏమీ రాసుకోలేదు. రాసుకోవలసినంత పని కాదనుకుని ఉంటుంది.

ఆమె కాగితాన్ని దీపం కిందికి తెచ్చింది. లింటెల్ మీద పసుపు, రేకు మీద పసుపు, కిటికీ చట్రం మీద పసుపు. రేకు అంచు దగ్గర ఎర్రసిరాతో 'పదిహేను మిల్లీమీటర్లు పొడిగించాలి' అని ఆమె చేతిరాత. చిన్న తప్పొకటి దొరికింది. దొరికినందుకు లోపల ఒక చిన్న గర్వం కలిగి ఉంటుంది. ఆ గర్వం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అది వచ్చాక కన్ను వెతకడం మానేస్తుంది. ఆ ఎర్ర అక్షరాల పక్కనే, బొటనవేలంత దూరంలో, బ్యారియర్ ఉండవలసిన చోట కాగితం తెల్లగా ఉంది.

ఉన్న గీత మీద రంగు పోనివ్వొచ్చు. లేని గీత మీద ఏం పోనిస్తాం? చెయ్యి ఉన్నవాటి వెంటే నడుస్తుంది. పందొమ్మిదేళ్లుగా ఆమె ఉన్నవాటినే చెక్ చేసింది.

ఆమె అట్టపెట్టె మీద కూర్చుంది. రెండు రోజులుగా లోపల ఒక వెచ్చదనం ఉండేది. తనకు అన్యాయం జరిగిందన్న వెచ్చదనం. ఇప్పుడది పోయింది. ఆశ్చర్యమేమిటంటే, ఆమెకు మొదట బెంగ కలిగింది దాని గురించే. భవనం గురించి కాదు, తన నిర్దోషిత్వం గురించీ కాదు. చలికాలంలో కప్పుకున్న దుప్పటి ఎవరో లాగేసినట్టు, ఆ వెచ్చదనం కోసమే.

కాగితాన్ని సొరుగులో యథాస్థానంలో పెట్టింది. సొరుగు మూసింది. నాలుగు మెట్లెక్కింది. అక్కడ ఆగి, 'బయటివాళ్లెవరూ ఇక్కడికి రారు' అని మనసులో స్పష్టంగా అనుకుంది. ఆ వాక్యం తన గొంతులో లేదు. హోవార్డ్ గొంతులో ఉంది. ఆమె వెనక్కి దిగి సొరుగు తెరిచింది.

రెండోసారి చూసినప్పుడు కనబడింది. తెల్లగా ఉన్న ఆ చోటు చుట్టూ ఒక సున్నా. పలచగా, మెత్తటి పెన్సిల్‌తో. ఆ ఆఫీసులో అంత మెత్తటి పెన్సిల్ ఒక్కరే వాడతారు.

*

గురువారం తొమ్మిదిన్నరకు ఆమె అద్దాల గది తలుపు మూసి, చెక్ ప్రింటు బల్ల మీద పెట్టింది.

"ఇది నా పసుపు," అంది. "ఈ సున్నా మీది."

హోవార్డ్ కళ్లజోడు తీశాడు.

"ఎప్పుడు చూశారు?"

"లండన్‌లో ఆ ఫ్లాట్ల టవర్ బయటి పలకలు అంటుకుని కాలిపోయింది కదా. ఆ మరుసటేడు. అందరం పాత డ్రాయింగులు తీసి చూసుకున్నాం. నువ్వు చూళ్లేదా?"

ఆమె చూసింది. తన దగ్గరున్న సి చూసుకుని నిద్రపోయింది.

"ఐదేళ్లు, హోవార్డ్."

"నీ అక్షరాలున్నాయి దాని మీద. నీకు చెబితే ఏం చేస్తావో నాకు తెలుసు. తిన్నగా వెళ్లి చెప్పేస్తావ్. నిన్ను కాపాడుకున్నా."

"అక్కడ నలభై రెండు తలుపుల వెనక నీలం కాగితాలున్నాయి. ఇంట్లోనే కూర్చోండి అని."

"ఏమీ కాలేదుగా!" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. వెంటనే తగ్గింది. "ఏమీ కాలేదు, డెనిస్. ఏడేళ్లుగా ఏమీ కాలేదు. అవదు కూడా. ఇదిగో."

సొరుగులోంచి ఫారం తీసి ఆమె వైపు జరిపాడు. సంతకం అయిపోయి ఉంది. పెద్ద, వాలు అక్షరాల సంతకం. దాని పైన 'అభ్యర్థి పని నాకు స్వయంగా తెలుసు, ఆమె సామర్థ్యం మీద, విచక్షణ మీద నాకు పూర్తి విశ్వాసం ఉంది' అని అచ్చేసి ఉంది.

"ఆ కాగితం కింద పెట్టేసి రా. నేను చూళ్లేదు, నువ్వు చూళ్లేదు."

డెనిస్ ఫారం వైపు చూసింది. చెయ్యి చాపితే అందుతుంది. ఆ సంతకం కోసం ఆమె ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా అడగాలనుకుని మానేసిందో ఆయనకు తెలియదు.

"లార్క్‌స్పర్ కోర్టు నడిపే హౌసింగ్ సంఘానికి ఎనిమిదింటికే రాశాను," అంది. "ఈ షీటు కూడా స్కాన్ చేసి పంపాను. మీ సున్నాతో సహా."

ఆయన అరుస్తాడనుకుంది. అరవలేదు. ఫారం అంచు పట్టుకుని నెమ్మదిగా తన వైపుకు లాక్కున్నాడు.

"అయితే ఇది ఇవ్వలేను. పూర్తి విశ్వాసం అని ఉంది ఇందులో. అబద్ధమవుతుంది."

వెటకారమనుకుని ఆమె తలెత్తింది. కాదు. ఆయన నిజంగానే అంటున్నాడు. నొసలు చిట్లించి, వాక్యాన్ని సరిచూస్తున్నవాడిలా ఆ ఫారం మీదికి వంగి ఉన్నాడు. ఆమెకు అందులో కాదనడానికి ఏమీ దొరకలేదు. కాదనడానికి ఏమీ లేకపోవడమే గుచ్చుకుంది.

మధ్యాహ్నం నెరిస్ ఇద్దరికీ వేడి చిప్స్ తెచ్చింది, పైన ఎర్ర మసాలాపొడి చల్లించి. "ఇంకెవరిచేతైనా పెట్టించవే సంతకం."

"ఎవరు పెడతారు?"

"నేను పెడతా."

"నువ్వు చార్టర్డ్ కాదుగా."

"అదీ నిజమే. మనిద్దరం ఒకళ్ల సంతకం ఒకళ్లం పెట్టుకుని గోడకి అతికించుకుందాం." ఒక చిప్ నోట్లో పెట్టుకుని, నమలకుండా, "డెనిస్, నేను చెక్ చేసినవి కూడా అన్నీ పసుపే," అంది.

మూడు గంటల నుంచి నెరిస్ కిందికి వెళ్లి సొరుగులు తీసి చూడడం మొదలుపెట్టింది. డెనిస్ ఫైలు తెరిచి, సి ఉన్న పేజీ తీసేసి, చెక్ ప్రింటు పెట్టింది. దాని కింద ఏం రాయాలో చాలాసేపు ఆలోచించి, 'ఇది నేను చెక్ చేశాను' అని రాసింది. అంతకుమించి రాలేదు. గోడ గడియారం ఐదు దాటింది. ఫైలు తెర మీద తెరిచే ఉంది, పంపే బొత్తాం వెలుగుతూనే ఉంది. సంతకం లేని ఫైలును సంస్థవాళ్లు తెరవరు.

*

తర్వాతి బుధవారం లార్క్‌స్పర్ కోర్టు ముందు బుట్ట ఉన్న క్రేను నిలబడి ఉంది. లోపల ప్రతి అంతస్తులోనూ మెరిసే కోట్లు వేసుకున్న మనుషులు చేతి సైరన్లు పట్టుకుని, మంట వాసన కోసం వరండాలు తిరుగుతున్నారు. తలుపుల వెనక నీలం కాగితాలు తీసేశారు. కొత్తవి ఎర్రవి. అలారం మోగితే వెంటనే దిగండి.

హౌసింగ్ సంఘం తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఫియోనా స్టట్ పొట్టిగా, జలుబుతో ఉంది. ఆమె దగ్గరున్న ఫారంలో డెనిస్ పేరు రాసి, "హోదా?" అని అడిగింది.

"ప్రస్తుతానికి నన్ను సెలవులో పెట్టారు."

"అది హోదా కాదమ్మా."

"ఖాళీ వదిలెయ్యండి."

నాలుగు కిటికీలు విప్పి చూడాలి. ఏ పలక వెనక బ్యారియర్ ఉండాలో ఇక్కడ డెనిస్‌కే తెలుసు. క్లైవ్ అనే పనివాడు బుట్టను పైకి లేపాడు. ఆమె ఎడంచేత్తో నాలుగో అంతస్తు కిటికీ పైన సుద్దతో అడ్డం గీత గీసింది. గీత తిన్నగా వచ్చింది. క్లైవ్ మరలు విప్పి, పలకను పక్కకు జరిపి, టార్చి వేశాడు.

రాతి ఉన్ని ఉంది.

డెనిస్ తన కళ్లనే నమ్మలేకపోయింది. చెయ్యి పెట్టి తాకింది. సరిగ్గా కోసి, బిగుతుగా దూర్చి, తీగతో కట్టారు. తను గీసినదానికన్నా చక్కగా ఉంది.

"డ్రాయింగులో లేదన్నారుగా?" అని ఫియోనా కింది నుంచి అరిచింది.

"లేదు!" అంది డెనిస్. హోవార్డ్ అన్నట్టే సైటువాళ్లు పెట్టేశారా? అయితే ఇదంతా దేనికి? ఈ మనుషులు, ఈ క్రేను, ఆ ఫారం? ఏమీ కాకుండానే తను అంతా పోగొట్టుకుందా? అలా అయితే బాగుండునని ఆమె ఆశపడింది. అలా కాకపోతే బాగుండునన్న ఆశ కూడా దాని అడుగున కదిలింది. దాన్ని చూసి ఆమె సిగ్గుపడింది.

క్లైవ్ తీగముడి వేలితో తట్టాడు. "ఇలా కట్టేవాడు ఒక్కడే ఉండేవాడు, స్టాన్ అని. ఇప్పుడు లేడు. కాగితం చూసేవాడు కాదు. కాగితాలు కాలతాయి, గోడలు కాలకూడదు అనేవాడు. ఎవడి మాటా వినేవాడు కాదు."

"ఈ వైపంతా ఆయనే చేశాడా?"

"ఒక్కడూ ఎంత చేస్తాడు? నలుగురైదుగురు ఉండుంటారు."

రెండో పలక విప్పారు. ఖాళీ. టార్చి వెలుతురు అడ్డం లేకుండా పై అంతస్తు దాకా వెళ్లిపోయింది. మూడో పలక. ఖాళీ. లోపలి గోడకు కప్పిన ఉన్ని అంచు మాత్రం తీర్చిదిద్దినట్టుంది. రేకు అంచు పొడవుగా ఉంది. డెనిస్ కొలిచి చూసింది. ఆమె ఎర్రసిరాతో పొడిగించమన్న పదిహేను మిల్లీమీటర్లు కచ్చితంగా ఉన్నాయి. ఎవరో మంచి పనివాడు డ్రాయింగును శ్రద్ధగా చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు చేశాడు. మూల గడిలో డి.ఓ. అని చూసి నమ్మి ఉంటాడు.

మాట విననివాడు సరిగ్గా చేశాడు. విన్నవాళ్లు ఆమెలాగే చేశారు.

"రాసుకున్నా," అంది ఫియోనా కింద ముక్కు తుడుచుకుంటూ. "ఆ నాలుగోది కూడా చూసేస్తే, పలకలన్నీ విప్పాలని రాసిస్తా. ఏడాది పని. మీ ఆఫీసుకి ఉత్తరం వస్తుంది. మీక్కూడా వేరేగా ఒకటొస్తుంది."

"రానివ్వండి."

నాలుగోది రెండో అంతస్తులో ఉంది. బుట్ట కిటికీ ఎదుట ఆగేసరికి అద్దానికి అవతల విల్ఫ్ బ్రాక్లెస్‌బీ కుర్చీ వేసుకుని, కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దిగమంటే దిగడానికి సిద్ధంగా. ఒళ్లో చిన్న సంచీ ఉంది.

డెనిస్ సుద్ద గీత గీసింది. క్లైవ్ మరలు విప్పుతుంటే విల్ఫ్ కిటికీ తెరిచాడు. అరచెయ్యి పట్టేంత తెరుచుకుని ఆగింది.

"మూడు రాత్రుల్నించీ ఒకడు వరండాలో తిరుగుతున్నాడమ్మాయ్, బూట్లేసుకుని. ట్రాలర్ మీద కూడా ఇంత కాపలా లేదు. బెరిల్ వాడికి కేకు చేసి పెడతంది. నా సంగతి మర్చిపోయింది."

"క్షమించండి, విల్ఫ్ గారూ."

"ఎవడో డ్రాయింగు సరిగ్గా చూడలేదంట కదా. మీటింగులో చెప్పారు. ఎవడంట వాడు?"

పలక పక్కకు జరిగింది. క్లైవ్ టార్చి లోపలికి పెట్టి, ఆమె చూడడానికి వీలుగా పక్కకు ఒదిగాడు. ఆమె చూసింది. నల్లటి ఖాళీ నిటారుగా పైకి వెళ్లిపోయింది. అందులోంచి చల్లగాలి దిగి ఆమె ముఖానికి తగిలింది.

"నాది గట్టిదేనా?" అన్నాడు విల్ఫ్. చెవి ఆ సందు దగ్గర పెట్టాడు. "చూసి చెబుతానన్నావుగా."

ఆమె బుట్ట అంచు పట్టుకుని, ఆయన ముఖం ఎత్తుకు వంగింది. "కాదు, విల్ఫ్ గారూ. మీ కిటికీ పైన ఉండాల్సింది లేదు. చూడకుండా వదిలేసింది నేనే."

ఆయన ఆమెకేసి చూశాడు. సముద్రం మీద వాతావరణం చూసినట్టు, చాలాసేపు, కోపమేమీ లేకుండా. ఒళ్లో సంచీ తాడు వేలికి చుట్టుకుని మళ్లీ విప్పాడు.

"ఏడేళ్లు ఈ కింద పడుకున్నా నేను," అన్నాడు.

"అవునండీ."

"నీకు టీ కూడా పెట్టా."

కింద ఫియోనా, "ఏమైంది? ఉందా, లేదా?" అని అరుస్తోంది. విల్ఫ్ కిటికీ మూసేశాడు. లోపల గడియ పడిన చప్పుడయింది. ఆయన కుర్చీని కిటికీకి దూరంగా, తలుపు పక్కకు లాక్కుని, టోపీ సర్దుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

"లేదు," అని డెనిస్ కిందికి చెప్పింది. మాట వినబడినట్టు లేదు. ఇంకోసారి, గట్టిగా చెప్పింది.